పిల్లల వినికిడి పరీక్ష, సంరక్షణ

పుట్టిన శిశువు మొదలుకొని 18 సంవత్సరాల వయసు వరకు పిల్లల వినికిడి శక్తిని కొలవడం, లోపమున్నచో దాని కారణాన్ని, తీవ్రతను నిర్ణయించడం, ఆ పైన తగిన చికిత్స, శ్రవణ సాధనాలు, మాట శిక్షణ, విద్య అందించడం - వీటన్నిటినీ కలిపి పిల్లల వినికిడి సంరక్షణ అంటారు. వినికిడి లోపం కంటికి కనిపించదు. వినపడని పసిబిడ్డ కూడా నవ్వుతుంది, తల్లిని గుర్తుపడుతుంది, మొదటి నెలలలో ఊ కొడుతుంది. అందువలన ఇంట్లోవారికి అనుమానం కలిగేసరికి తరచు రెండు మూడేళ్ళు గడచిపోతాయి. మాట నేర్చుకోవడానికి అత్యంత అనువైన కాలం కూడా ఆ రెండు మూడేళ్ళే. కాబట్టి ఈ రంగంలో చికిత్స ఎంత గొప్పది అన్నదాని కంటే లోపాన్ని ఏ వయసులో కనిపెట్టారు అన్నదే బిడ్డ భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈ వ్యాసంలో ఈ విషయాన్ని సాధారణంగాను, ఆంధ్రప్రదేశ్‌లో కోనసీమకు చెందిన పి.గన్నవరం వంటి గ్రామీణ మండలాలను దృష్టిలో ఉంచుకొని ప్రత్యేకంగాను వివరించడమైనది.

చెవి పనిచేసే విధం

చెవిని బాహ్య చెవి, మధ్య చెవి, అంతర చెవి అని మూడు భాగాలుగా విభజిస్తారు. చెవి గొట్టం గుండా వచ్చిన ధ్వని తరంగాలు కర్ణభేరిని కంపింపజేస్తాయి. మధ్య చెవిలోని కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకలు ఆ కంపనాలను అంతర చెవికి చేరవేస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉన్న కర్ణావర్తనంలోని సూక్ష్మమైన రోమ కణాలు కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి. శ్రవణ నాడి ఈ సంకేతాలను మెదడుకు అందిస్తుంది. నశించిన రోమ కణాలు మనుషులలో తిరిగి పుట్టవు.

వినడం చెవి పని అయినా, విన్నదానిని అర్థం చేసుకోవడం మెదడు పని. చుట్టూ ఉన్నవారి మాటలు వింటూ ఉండడం వలన మెదడులో భాషకు సంబంధించిన భాగాలు రూపుదిద్దుకొంటాయి. తొలి సంవత్సరాలలో శబ్దాలు అందకపోతే ఆ భాగాలు క్రమంగా ఇతర పనులకు, ముఖ్యంగా చూపుకు, అలవాటు పడతాయి. పూర్వం "చెవిటి మూగ" అని కలిపి వ్యవహరించిన వారిలో చాలామందికి గొంతులో, నాలుకలో ఏ లోపమూ ఉండదు. వినలేకపోవడం వలన మాత్రమే వారికి మాట రాలేదు.

లోపం రకాలు, తీవ్రత

గులిమి గట్టిపడి చెవి గొట్టం మూసుకుపోవడం, కర్ణభేరికి రంధ్రం పడడం, మధ్య చెవిలో నీరు లేదా చీము చేరడం వంటి కారణాలతో శబ్దం లోపలికి చేరకపోవడాన్ని వాహక లోపం అంటారు. దీనిని మందులతోగాని, శస్త్రచికిత్సతోగాని చాలావరకు సరిచేయవచ్చు. కర్ణావర్తనంలోగాని, శ్రవణ నాడిలోగాని ఉండే లోపాన్ని నాడీ సంబంధ లోపం అంటారు. ఇది సాధారణంగా శాశ్వతమైనది. రెండూ కలిసి ఉంటే మిశ్రమ లోపం.

శబ్ద తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం, మెరుగ్గా వినిపించే చెవిలో 20 డెసిబెల్‌ల కంటే తక్కువ శబ్దాన్ని వినగలిగితే వినికిడి సామాన్యంగా ఉన్నట్లు. 20 నుండి 34 వరకు స్వల్ప లోపం, 35 నుండి 49 వరకు మధ్యస్థ లోపం, 50 నుండి 64 వరకు మధ్యస్థం కంటే ఎక్కువ, 65 నుండి 79 వరకు తీవ్ర లోపం, 80 నుండి 94 వరకు అతి తీవ్ర లోపం, 95 నుండి పూర్తి లోపంగా పరిగణిస్తారు. స్వల్ప లోపమే కదా అని తీసివేయడానికి వీలు లేదు. అటువంటి పిల్లలకు పిలిస్తే వినపడుతుంది గాని తరగతి గదిలో వెనుక బెంచీ నుండి పాఠం స్పష్టంగా వినపడదు. స, శ, ష వంటి హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులు జారిపోతాయి. ఫలితంగా అటువంటి బిడ్డకు "పరధ్యానం", "మందబుద్ధి" అనే పేరు వస్తుంది.

కారణాలు

పుట్టుకతో వచ్చే శాశ్వత లోపం వెయ్యి జననాలకు ఒకటి రెండు కంటే తక్కువ ఉండదు. నవజాత శిశు ప్రత్యేక చికిత్సా విభాగంలో ఉండవలసి వచ్చిన పిల్లలలో ఇది ఇంకా ఎక్కువ. ముఖ్య కారణాలు ఇవి:

జన్యు కారణాలు: పుట్టుకతో వచ్చే లోపాలలో సుమారు సగం వంశపారంపర్యమైనవి. తల్లికి, తండ్రికి వినికిడి బాగానే ఉన్నా ఇద్దరిలోనూ ఒకే లోపభూయిష్ట జన్యువు దాగి ఉంటే, బిడ్డకు లోపం కలిగే అవకాశం ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు. మేనరికపు వివాహాలలో అటువంటి జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం హెచ్చు. తెలుగునాట మేనమామను, మేనత్త కొడుకును, మేనమామ కొడుకును పెండ్లాడే ఆచారం ఉన్నందున ఇది ప్రత్యేకంగా గమనించదగినది. జీజేబీ2 అనే జన్యువులోని మార్పులు భారతదేశంలో తరచు కనిపించేవి.

గర్భస్థ దశలో వ్యాధులు: గర్భిణికి రుబెల్లా, సైటోమెగాలో వైరస్ వంటి వ్యాధులు సోకడం.

ప్రసవ సమయంలో, ఆ తరువాత: నెలలు నిండకుండా పుట్టడం, 1,500 గ్రాముల కంటే తక్కువ బరువు, పుట్టగానే ఏడవకపోవడం, రక్తం మార్చవలసినంత తీవ్రమైన పచ్చకామెర్లు, జెంటామైసిన్ వంటి కొన్ని మందులు.

బాల్యంలో: మెదడు పొరల వాపు, తట్టు, గవదబిళ్ళలు, చెవిలో చీము కారే దీర్ఘవ్యాధి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం బాల్యంలో వచ్చే వినికిడి లోపంలో సుమారు 60 శాతం నివారించదగిన కారణాల వలన కలుగుతున్నది.

తల్లిదండ్రులు గమనించవలసినవి

పెద్ద శబ్దానికి అప్పుడే పుట్టిన బిడ్డ ఉలిక్కిపడాలి. నాలుగు నెలల వయసులో తల్లి గొంతు వినగానే శాంతించాలి. ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి. పది నెలల లోపు "బాబాబా", "తాతాతా" వంటి అక్షరాల వరుసలు పలకాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే పలకాలి, ఒకటి రెండు మాటలు రావాలి. రెండేళ్ళకు రెండు పదాలు కలిపి మాట్లాడాలి. వీటిలో ఏది లోపించినా పరీక్ష చేయించవలసి ఉంటుంది.

"వాళ్ళ నాన్నకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దలు ధైర్యం చెప్పడం మన ఇళ్ళలో మామూలు. బిడ్డ వెనుక నిలబడి పళ్ళెం మోగించి, తల తిప్పింది కాబట్టి వినపడుతున్నదని నిర్ధారించుకోవడం కూడా సాధారణమే. పళ్ళెం చప్పుడు చాలా పెద్దది. మాటలు వినలేని బిడ్డకు కూడా అది వినబడవచ్చు, లేదా నేల అదురును, కదిలే నీడను బట్టి బిడ్డ తిరిగి చూడవచ్చు. ఇంటి పరీక్షలో లోపం లేదని తేలినంత మాత్రాన అనుమానం తీరినట్లు కాదు.

పరీక్షలు

శిశువు సమాధానం చెప్పలేదు గనుక, బిడ్డ సహకారం అవసరం లేని పరీక్షలు రూపొందినాయి.

ఓఏఈ పరీక్ష: ఆరోగ్యకరమైన కర్ణావర్తనం శబ్దానికి ప్రతిస్పందనగా తానే అతి సన్నని ధ్వనిని వెలువరిస్తుంది. దీనిని 1978లో బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ కెంప్ వెల్లడించాడు. చెవిలో చిన్న గొట్టాన్ని ఉంచి ఆ ధ్వనిని నమోదు చేస్తారు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది, నొప్పి ఉండదు. పుట్టిన మొదటి రోజున చెవి గొట్టంలో ఉండే ద్రవం వలన ఫలితం తప్పుగా రావచ్చు. మొదటిసారి విఫలమైన పిల్లలందరికీ లోపం ఉన్నట్లు కాదు, కాని మళ్ళీ పరీక్ష తప్పనిసరి.

బేరా పరీక్ష: తలపై ఎలక్ట్రోడ్లు అతికించి, శబ్దానికి శ్రవణ నాడి, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ ప్రతిస్పందనను కొలుస్తారు. లోపాన్ని ధృవీకరించడానికి ఇది ప్రధానమైనది. కర్ణావర్తనం బాగుండి నాడి సరిగా పనిచేయని పిల్లలు ఓఏఈలో ఉత్తీర్ణులవుతారు. కనుక ప్రత్యేక చికిత్సా విభాగంలో ఉన్న శిశువులకు బేరా కూడా చేయాలి.

టింపానోమెట్రీ: చెవిలో గాలి ఒత్తిడిని మార్చి కర్ణభేరి కదలికను కొలిచే పరీక్ష. మధ్య చెవిలో నీరు చేరితే దీనిలో తెలుస్తుంది.

ప్రవర్తన ఆధారిత పరీక్షలు: ఆరు నెలల నుండి రెండున్నరేళ్ళ వరకు, శబ్దం వైపు తిరిగితే వెలిగే బొమ్మను చూపి పరీక్షిస్తారు. రెండున్నర నుండి ఐదేళ్ళ వరకు, శబ్దం విన్నప్పుడల్లా గిన్నెలో ఒక గోళీ వేయమని ఆటగా చేస్తారు. ఐదేళ్ళు దాటినవారికి పెద్దలకు వలెనే శ్రవణ మాపకంతో 250 నుండి 8,000 హెర్ట్జ్‌ల వరకు వివిధ ధ్వనులు వినిపించి ఆడియోగ్రామ్ గీస్తారు.

నెల, మూడు నెలలు, ఆరు నెలలు

శిశువులకు నెల లోపు ప్రాథమిక పరీక్ష, మూడు నెలల లోపు లోప నిర్ధారణ, ఆరు నెలల లోపు శ్రవణ సాధనం లేదా ఇతర సహాయం ప్రారంభం కావాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన నియమం. దీనిని 1-3-6 నియమం అంటారు. ఆరు నెలల లోపు సహాయం అందిన పిల్లల భాషాభివృద్ధి ఆలస్యంగా అందినవారి కంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నట్లు పరిశోధనలు తెలిపాయి.

ప్రతి ఆసుపత్రిలోను పరికరం, నిపుణుడు లేనిచోట ఈ నియమాన్ని అమలు చేయడానికి కేరళలో ఒక మార్గం కనిపిస్తుంది. ఎర్నాకుళం జిల్లాలో 2003 నుండి ఒకే పరికరంతో శిక్షణ పొందిన సిబ్బంది నిర్ణీత దినాలలో పలు ప్రసూతి ఆసుపత్రులకు వెళ్ళి శిశువులను పరీక్షించే పద్ధతి నడచినది. అనుమానం ఉన్నవారిని మాత్రమే పెద్ద కేంద్రానికి పంపుతారు.

శ్రవణ సాధనాలు, కాక్లియర్ ఇంప్లాంట్

శాశ్వత లోపం ఉన్న పిల్లలకు మొదట చెవి వెనుక ధరించే శ్రవణ యంత్రం అమర్చుతారు. బిడ్డ ఎదుగుతున్నకొద్దీ చెవి అచ్చును మార్పిస్తూ ఉండాలి, లేకుంటే ఈల శబ్దం వస్తుంది. నిద్ర, స్నానం తప్ప మిగిలిన సమయమంతా యంత్రం ధరించాలి. కోనసీమ వంటి తేమ ఎక్కువగల ప్రాంతాలలో యంత్రం త్వరగా పాడవుతుంది. రాత్రిపూట బ్యాటరీ తీసి, సిలికా జెల్ పొట్లం ఉన్న మూత గట్టి డబ్బాలో భద్రపరచాలి.

యంత్రంతో తగిన ప్రయోజనం కలగని తీవ్ర లోపానికి కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఉన్నది. చెవి వెనుక ధరించే ప్రాసెసర్ శబ్దాన్ని సంకేతాలుగా మార్చి, చర్మం కింద అమర్చిన భాగానికి పంపుతుంది. అక్కడి నుండి కర్ణావర్తనంలో ఉంచిన ఎలక్ట్రోడ్లు నాడిని నేరుగా ప్రేరేపిస్తాయి. బహుళ ఎలక్ట్రోడ్లు గల ఇంప్లాంట్‌ను 1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ మొదటిసారి అమర్చాడు. శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాలకు ప్రాసెసర్‌ను ప్రారంభిస్తారు. ఆ రోజు నుండే బిడ్డకు మాటలు అర్థం కావు. వినికిడి పరంగా ఆ రోజు బిడ్డ అప్పుడే పుట్టినట్లు లెక్క. ప్రాసెసర్ స్థాయిలను పలుమార్లు సరిచేయడం, కనీసం ఏడాది రెండేళ్ళపాటు శ్రవణ వాక్ శిక్షణ ఇవ్వడం అవసరం.

ఈ శిక్షణలో చికిత్సకుని వద్ద గడిపే సమయం వారానికి ఒకటి రెండు గంటలే. మిగిలినదంతా ఇంట్లోనే జరగాలి. తల్లి వంట చేస్తూ, స్నానం చేయిస్తూ చేసే ప్రతి పనినీ బిడ్డకు దగ్గరగా, స్పష్టంగా, మామూలు గొంతుతో చెబుతూ ఉండాలి. యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులను నోరు కనబడకుండా పలికి, బిడ్డ స్పందనను రోజూ గమనిస్తారు. ఈ ఆరూ మాటలలోని తగ్గు, మధ్య, హెచ్చు పౌనఃపున్యాలన్నిటికీ ప్రాతినిధ్యం వహిస్తాయి.

ప్రభుత్వ పథకాలు

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో సుమారు 50.7 లక్షల మందికి వినికిడి సంబంధ వైకల్యం ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2007లో జాతీయ చెవుడు నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని కొన్ని జిల్లాలలో ప్రయోగాత్మకంగా ఆరంభించి తరువాత విస్తరించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఏడాదికి ఒకసారి పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే చెవుడు, వినికిడి లోపం ఈ జాబితాలో ఉన్నాయి. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. 1981 నుండి అమలులో ఉన్న ఏడిఐపీ పథకం కింద శ్రవణ యంత్రాలు అందిస్తారు. 2014లో సవరించిన నిబంధనలు దీనిలో కాక్లియర్ ఇంప్లాంట్‌ను కూడా చేర్చాయి. ఈ పనిలో ముఖ్యపాత్ర వహించే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ 1983లో ముంబైలో ఏర్పడినది. దీని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాల పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఒక్కొక్క బిడ్డకు ఆరు లక్షల రూపాయలకు పైగా ఖర్చయ్యే ఈ చికిత్స అంతకు ముందు రైతుకూలీ కుటుంబాలకు ఊహకందనిది. పథకం పేరు తరువాత పలుమార్లు మారింది. 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్నది. పథకంలో వయోపరిమితి కూడా మారుతూ వచ్చింది. ఒక దశలో పుట్టుకతో వినపడని పిల్లలకు రెండేళ్ళ లోపు వారికే అనుమతించారు. వైద్యపరంగా తొందరపడమని చెప్పడానికి ఆధారం ఉన్నది. అయితే పుట్టినప్పుడు పరీక్ష జరగని ఊళ్ళలో లోపం బయటపడే వయసే రెండు మూడేళ్ళు. అందువలన పరీక్ష అందని కుటుంబమే చికిత్సను కూడా పోగొట్టుకొంటుంది. శస్త్రచికిత్సకు డబ్బు కేటాయించినంత శ్రద్ధగా నవజాత శిశువుల పరీక్షకు కూడా కేటాయించాలని నిపుణులు కోరడానికి కారణం ఇదే.

పి.గన్నవరం వంటి ప్రాంతాలలో

పి.గన్నవరం, గోదావరి పాయ అయిన వైనతేయ ఒడ్డున ఉన్న మండల కేంద్రం. 2022లో తూర్పు గోదావరి నుండి విడిపోయి ఏర్పడిన కోనసీమ జిల్లాలోనిది. ఈ మండలంలోని బూరుగులంక, ఉడిముడిలంక వంటి లంక గ్రామాలు ఏటా వరదల కాలంలో రాకపోకలకు పడవలపై ఆధారపడుతూ వచ్చాయి. ఇక్కడి బిడ్డకు చెవి, ముక్కు, గొంతు వైద్యుని సేవలు అమలాపురంలో లభిస్తాయి. రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి చేరాలంటే గౌతమి దాటి కాకినాడ వెళ్ళాలి. ప్రత్యేక ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి విశాఖపట్నంలో ఉన్నది. శస్త్రచికిత్స ఒకసారితో ముగుస్తుంది గాని, మాట శిక్షణకు నెలల తరబడి వెళ్ళి రావాలి. వెళ్ళిన ప్రతిసారి కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది. మధ్యలో మానివేసిన బిడ్డకు చెవి వెనుక యంత్రం మిగులుతుంది, మాట మాత్రం రాదు.

కాబట్టి గ్రామంలో మొదటి మెట్టు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త. టీకాల రోజున తల్లిని "పిలిస్తే పలుకుతున్నదా, శబ్దం వైపు తిరుగుతున్నదా" అని అడిగే ఒక్క ప్రశ్న ఏడాది కాలాన్ని ఆదా చేయగలదు. మండల స్థాయిలో సమగ్ర శిక్ష ఆధ్వర్యంలోని భవిత కేంద్రాలలో ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధన, శిక్షణ ఇస్తారు. వైకల్య ధృవీకరణ పత్రం కోసం సదరం శిబిరానికి వెళ్ళాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోను 70 డెసిబెల్‌ల లోపం ఉన్నవారిని బధిరులుగాను, 60 నుండి 70 వరకు ఉన్నవారిని వినికిడి మందగించినవారుగాను గుర్తిస్తారు.

సంజ్ఞా భాష, విద్య

అందరు పిల్లలకు యంత్రాలు, ఇంప్లాంట్లు సరిపడవు. ఆలస్యంగా గుర్తించిన పిల్లలకు మాట ఆశించినంత రాకపోవచ్చు. అటువంటివారికి భాషే లేకుండా పోకూడదు. భారతీయ సంజ్ఞా భాష సొంత వ్యాకరణం గల పూర్తి భాష, కేవలం సైగల కూర్పు కాదు. దీని అభివృద్ధికై 2015లో ఢిల్లీలో జాతీయ స్థాయి పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడినది. 2018లో మూడు వేల పదాల నిఘంటువు వెలువడినది. 2020 జాతీయ విద్యా విధానం ఈ భాషను దేశమంతటా ప్రామాణీకరించాలని పేర్కొన్నది. సంజ్ఞలు నేర్పితే మాట రాదన్న భయానికి గట్టి ఆధారం లేదు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు కూడా నేర్చుకొన్నప్పుడే ఇంట్లో బిడ్డకు తోడు దొరుకుతుంది.

మామూలు పాఠశాలలో చదివే పిల్లలను ముందు వరుసలో, మెరుగైన చెవి ఉపాధ్యాయుని వైపు ఉండేలా కూర్చోబెట్టాలి. ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలిక కనబడదు. రాసిన తరువాత తరగతి వైపు తిరిగి చెప్పడం ఖర్చు లేని సహాయం.

నివారణ

తట్టు-రుబెల్లా టీకా మొదటి మోతాదు 9 నుండి 12 నెలల మధ్య, రెండవది 16 నుండి 24 నెలల మధ్య ఇస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దీని ప్రత్యేక ఉద్యమం 2017 ఆగస్టులో మొదలయినది. ఈనాటి బాలికకు వేసిన టీకా రేపు ఆమె కడుపున పుట్టే బిడ్డ చెవులను కాపాడుతుంది.

చెవిలో చీము కారుతున్నప్పుడు నూనె, పసరు, ఆకురసం పోయరాదు. శుభ్రమైన గుడ్డ వత్తితో చీమును అద్ది తీసి, వైద్యునికి చూపాలి. చీము ఆరే వరకు కాలువలలో, చెరువులలో ఈతకు పంపరాదు. పిన్నీసు, అగ్గిపుల్లలతో గులిమి తీయరాదు. చెవిపై లెంపకాయ కొడితే కర్ణభేరి చిరిగిపోవచ్చు.

యుక్తవయసు పిల్లలకు కొత్త ప్రమాదం ఇయర్‌ఫోన్లు. పెద్దలకు వారానికి 40 గంటలకు 80 డెసిబెల్‌లు, పిల్లలకు 75 డెసిబెల్‌లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఊరేగింపుల డీజే పెట్టెల ముందు, కనుమనాడు ప్రభల తీర్థాలలో బాణసంచా కాల్చే చోట పసిపిల్లలను దూరంగా ఉంచడం మంచిది. అటువంటి చోటి నుండి వచ్చాక చెవులలో హోరు వినిపిస్తే అది రోమ కణాలు దెబ్బతిన్నాయనడానికి సూచన.

ప్రతి సంవత్సరం మార్చి 3వ తేదీని ప్రపంచ వినికిడి దినోత్సవంగా పాటిస్తారు.